ప్లాంటు ఆగిన రోజు నీళ్లెటు పోతాయి? ఉత్తర చెన్నై తీరంలో ఒక ఎస్టీపీ కేస్ స్టడీ

ఈ కేసు ఉత్తర చెన్నై తీరానిది. ఊరి పేరు రాయడం లేదు. అక్కడివాళ్లకు చదవగానే తెలిసిపోతుంది, మిగతావాళ్లకు దాంతో పనిలేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి కాలవ, మధ్యలో పొడుగ్గా సాగిన పోరంబోకు. అందులో మురుగునీటి శుద్ధి కేంద్రం, అంటే ఎస్టీపీ, కట్టాలని ప్రతిపాదన వచ్చింది. నేను పర్యావరణ ఇంజనీర్ని. ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసే కన్సల్టెన్సీ తరఫున స్థానికులతో మాట్లాడి, వాళ్లు చెప్పినదాంట్లో డిజైన్‌లోకి ఎక్కాల్సింది ఎక్కించడం నా పని.

ఆ స్థలం చుట్టూ మూడు రకాల జనం ఉన్నారు. సముద్రం వైపు కుప్పం, అంటే జాలర్ల పల్లె. తమిళ జాలర్లూ తెలుగు జాలర్లూ కలిసే ఉంటారు, ఒకే వాక్యంలో రెండు భాషలూ దొర్లుతుంటాయి. కాలవ వైపు పారిశుద్ధ్య కార్మికుల కాలనీ. చెన్నైలో ఈ పనిలో ఉన్నవాళ్లలో చాలామందివి తరాల కిందట నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. నేను తెలుగువాణ్ణి కాబట్టి ఆ కాలనీ నా వంతుకు వచ్చింది. రోడ్డు అవతల కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు. మూడు చోట్లా 'వద్దు' అనే అన్నారు. ఎందుకు వద్దో మాత్రం ఎవరి కారణం వాళ్లకుంది.

చట్టం అడగని మీటింగ్

ముందు ఒక విషయం చెప్పాలి. ఊరి మురుగును శుద్ధి చేసే ప్లాంటుకు మన దేశంలో బహిరంగ విచారణ జరపాలని పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, 2006 ఎక్కడా చెప్పదు. అనుమతి అవసరమైన ప్రాజెక్టుల పట్టికలో పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రాలున్నాయి, ఊరి చెత్త కేంద్రాలున్నాయి, ఎస్టీపీ మాత్రం లేదు. మురుగును శుభ్రం చేసేదే కదా, దాన్నెందుకు ఆపాలి అన్నది ఉద్దేశం కావచ్చు. అర్థం చేసుకోదగిందే. కానీ ఫలితం ఏమిటంటే, కాలుష్య నియంత్రణ మండలి దగ్గర 1974 నీటి చట్టం కింద కట్టడానికి ఒక సమ్మతి, నడపడానికి ఒక సమ్మతి తీసుకుంటే చాలు. తీరంలో అయితే వీటికి తోడు సీఆర్‌జడ్, అంటే తీర నియంత్రణ మండలం నిబంధనల కింద అనుమతి. ఈ మొత్తం దారిలో పక్కింటివాణ్ణి 'నీకేం అభ్యంతరం?' అని అడగాల్సిన మలుపు ఒక్కటీ లేదు.

మా కేసులో ఆ మీటింగులు జరిగాయంటే అప్పిచ్చే సంస్థ షరతు పెట్టబట్టే. అందుకే మొదటి మీటింగులో ఒక యువకుడు లేచి 'మీరు అడగడానికి వచ్చారా, అడిగినట్టు ఫొటో తీసుకోవడానికి వచ్చారా?' అన్నప్పుడు వేదిక మీద ఉన్నవాళ్లకు కోపం వచ్చింది గానీ నాకు రాలేదు.

సీఆర్‌జడ్ సంగతి కూడా ఇక్కడే. 2011 నోటిఫికేషన్ ప్రకారం పోటుపాట్లు తగిలే కాలవ ఒడ్డున 100 మీటర్లు గానీ, కాలవ వెడల్పు గానీ, ఏది తక్కువైతే అది నియంత్రణలో ఉండేది. 2019 నోటిఫికేషన్ ఆ 100ని 50 చేసింది. ఎక్కడి నుంచి కొలవాలన్నది పోటు రేఖను, అంటే పోటు నీరు ఎక్కే హద్దును బట్టి ఉంటుంది. ఆ రేఖ గీయడానికి అధికారం ఉన్న సంస్థలున్నాయి. అన్నా యూనివర్సిటీ ఆవరణలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం అందులో ఒకటి. మ్యాపులో గీత ఎక్కడుందో తేల్చడం కష్టమేమీ కాదు. కుప్పంవాళ్ల ఫిర్యాదు గీత గురించి కాదు, గీత పక్కన ఏం రాయలేదో దాని గురించి. వలలు ఆరేసే చోటు, పడవలు లాగి పెట్టే చోటు, ఎండు చేపలు పరిచే చోటు, ఏవీ మా లేఅవుట్ షీటులో లేవు. అక్కడ 'ఖాళీ ప్రభుత్వ భూమి' అని ఉంది. జాలరి ఊళ్లనూ వాళ్ల ఉమ్మడి స్థలాలనూ తీర ప్రణాళిక మ్యాపుల్లో చూపించాలని 2011 నోటిఫికేషనే చెప్పింది. చెప్పింది ఒకటి, షీటులో ఉన్నది ఒకటి.

ఇక్కడే ఎందుకు?

'మణలి ఫ్యాక్టరీలు మాకే, థర్మల్ బూడిద మాకే, కొడుంగైయూర్ చెత్త మాకే. ఇప్పుడు ఊరందరి దొడ్డి కూడానా?' అని కుప్పంలో ఒక పెద్దావిడ అడిగింది. దీనికి ఇంజనీరింగ్ జవాబు ఒకటి ఉంది. చెన్నై బల్లపరుపు ఊరు, సగటు ఎత్తు సముద్రమట్టానికి ఏడు మీటర్ల లోపే. మురుగు తనంతట తాను పారేంత వాలు ఎక్కడా దొరకదు. కాబట్టి పంపింగ్ స్టేషన్ల మీద పంపింగ్ స్టేషన్లు పెట్టి తోయాలి. చివరికి పల్లం ఎటుంటే ప్లాంటు అటు పోతుంది. పల్లమంటే తీరం, కాలవ, చిత్తడి. పెరుంగుడి ప్లాంటు పళ్ళికరణై చిత్తడిని ఆనుకుని ఉండటానికీ లెక్క ఇదే. ఆ చిత్తడికి 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడిగా గుర్తింపు వచ్చింది.

ఈ జవాబు నిజమే. కానీ సగమే. పల్లం ఎక్కడుందో అక్కడే భూమి చౌక, అడిగేవాళ్లు తక్కువ. ఆ రెండో సగాన్ని ఏ రిపోర్టూ రాయదు. నేను కూడా రిపోర్టులో రాయలేను, ఇక్కడ రాస్తున్నాను. ఆవిడకు మాత్రం వాలు గురించి చెప్పి ఊరుకోకుండా, లోపలి వైపు చూసిన స్థలాలేమిటి, ఒక్కోదానికి ఎంత అదనపు పంపింగ్ పడుతుంది, ఏది ఎందుకు వదిలేశారు అన్నది తమిళంలోనూ తెలుగులోనూ ఒక పేజీ రాసి ఇచ్చాం. ఒప్పుకోలేదు. అయితే ఆ పేజీని జిరాక్సు తీసి పంచింది.

వాసన ఏ గంటలో వస్తుంది

పక్క ఊళ్లో ఇప్పటికే నడుస్తున్న ప్లాంటును చూపించడానికి కుప్పం పెద్దల్ని తీసుకెళ్లారు. ఆ విజిట్ పెట్టింది మధ్యాహ్నం. వాసన పెద్దగా లేదు. అధికారులు సంబరపడ్డారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒకాయన నాతో 'రాత్రి రెండు గంటలకు తీసుకురండి అన్నా, అప్పుడు చూద్దాం' అన్నాడు.

ఆయన అన్నదాంట్లో శాస్త్రం ఉంది. చెన్నైలో ఎండకాలం మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి నేల మీంచి సముద్రం వైపు మళ్లుతుంది. పగటి గాలి జోరుగా ఉంటుంది, వాసనను పైకి ఎగరేసి చెదరగొడుతుంది. రాత్రి గాలి మెల్లనిది, నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. ప్లాంటుకూ సముద్రానికీ మధ్య ఉన్న కుప్పానికి రాత్రి వాసన, రోడ్డు అవతల అపార్ట్‌మెంట్లకు సాయంత్రం వాసన. మా రిపోర్టులో ఏడాది మొత్తానికి గాలి దిశల సగటు పటం ఒకటి పెట్టారు. దాన్ని చూస్తే వాసన ఎవరికీ రాదు, అందరికీ కొంచెం కొంచెం పంచినట్టు కనిపిస్తుంది. రాత్రి గంటల గాలిని విడిగా తీసి మళ్లీ లెక్క కట్టమన్నాం. ఇప్పటికే ఉన్న పంపింగ్ స్టేషన్ పక్క ఇళ్లలో ప్లస్ టూ చదివే పిల్లలతో ఒక నోటుబుక్కు పెట్టించాం, ఏ గంటకు వాసన వచ్చింది, గాలి ఎటు వీస్తోంది అని. ఆ నోటుబుక్కూ, కొత్త లెక్కా ఒకే మాట చెప్పాయి.

ఇంకో సంగతి జనానికి తెలియదు, చాలామంది డిజైనర్లూ పట్టించుకోరు. గాలి బుడగలతో నురగలు కక్కే ఏరేషన్ ట్యాంకును చూసి అందరూ ముక్కు మూసుకుంటారు గానీ, అసలు కంపు అక్కడ కాదు. ముడి మురుగు వచ్చి పడే బావి, చెత్తను ఆపే జల్లెడలు, ఇసుక తీసే తొట్టి, బురదను చిక్కబరిచి పిండే చోటు, ఇవీ కంపుకు పుట్టిళ్లు. తీరంలో ఇది ఇంకా ఎక్కువ. భూగర్భజలం పైపైనే ఉంటుంది, పాత పైపుల అతుకుల్లోంచి ఉప్పునీరు లోపలికి ఊరుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉంటుంది. గాలి తగలని పైపుల్లో బ్యాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన అదే. గాలిలో వంద కోట్ల పాళ్లకు కొన్ని పాళ్లున్నా మన ముక్కు పట్టేస్తుంది. అదే పది లక్షల పాళ్లకు వంద పాళ్లయితే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలియదు. మ్యాన్‌హోల్లో దిగిన మనిషికి ప్రమాదం తెలిసేలోపే పడిపోవడానికి అదొక కారణం. కాలనీలో ఈ మాట చెప్పబోతే 'మాకు చెప్పాల్సిన పని లేదు సార్' అన్నారు. నిజమే, లేదు.

రొయ్యకు కావాల్సింది మంచినీళ్లు కాదు

శుద్ధి చేసిన నీటిని కాలవలోకి వదలాలన్నది మొదటి డిజైన్. ప్రమాణాల మాటకొస్తే కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో మహానగరాల ఎస్టీపీలకు బీఓడీ (నీటిలోని సేంద్రియ మురుగును తినడానికి బ్యాక్టీరియాకు పట్టే ఆక్సిజన్) లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదంది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి దించింది. మల సంబంధ కోలిఫాం బ్యాక్టీరియా వంద మిల్లీలీటర్లకు 230కి మించకూడదంది. మా డిజైన్ ఈ కఠినమైన లెక్కకే తయారైంది. కాబట్టి అధికారుల ధీమా అధికారులది: 'ఇప్పుడు ఆ కాలవలో ఉన్న నీళ్లకంటే మేం వదిలే నీళ్లే శుభ్రం.'

ఆ ధీమాకు గండి కొట్టింది కాలవలో రొయ్యలు పట్టే ఒక ఆవిడ. ఎన్నూరు, పళవేర్కాడు (పులికాట్) వైపు నడుము లోతు నీళ్లలో దిగి చేతులతో బురద తడిమి రొయ్యలు పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కువమంది ఇరుళ గిరిజన కుటుంబాలవాళ్లు. ఆవిడ అడిగింది ఇంతే: 'ఏం నాయనా, నీళ్లు బాగానే ఉంటాయంటున్నావు. ఉప్పుంటుందా?'

ఉండదు. మురుగు శుద్ధి చేస్తే వచ్చేది ఇంచుమించు మంచినీరు. కాలవలో ఎండకాలం నీరు ఉప్పగా, వానకాలం చప్పగా మారడానికి ఒక వరస ఉంది, రొయ్య పిల్ల సముద్రం నుంచి లోపలికి రావడం, పెరిగి బయటికి పోవడం ఆ వరస మీదే నడుస్తాయి. ఏడాది పొడుగునా రోజూ కోట్ల లీటర్ల చప్పనీరు ఒకే చోట పడితే ఆ వరస చెడుతుంది. బీఓడీ పదే ఉన్నా చెడుతుంది. మా రిపోర్టులో బీఓడీకి ఒక అధ్యాయం ఉంది, లవణీయతకు ఒక్క పేరా కూడా లేదు.

దీనికి తోడు ఇసుక మేట. చెన్నై తీరంలో ఏటి మొగలన్నీ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్లన్నీ, ఎండకాలంలో పూడుకుపోతుంటాయి. అడయారైనా, కూవమైనా, ఎన్నూరు మొగైనా తవ్వితేనే తెరుచుకునేది. మొగ మూసుకుంటే కాలవ చెరువైపోతుంది. వదిలిన నీరు ఎక్కడికీ కదలదు. ఎంత నీటిలో కలిసి ఎంత పలచబడుతుందన్న మా లెక్కంతా మొగ తెరిచి ఉంటుందన్న నమ్మకం మీద కట్టినది. క్లోరిన్ సంగతీ అంతే. క్రిముల్ని చంపడానికి కలిపిన క్లోరిన్ నీటిలోని అమోనియాతో కలిసి క్లోరమిన్లుగా మారి ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. మనుషులకు మేలు చేసే ఆ మోతాదే రొయ్య పిల్లకు విషం. పారే నీటిలోనైతే చెదిరిపోతుంది. నిలిచిన నీటిలో ఎటు పోతుంది?

కాలవలోకి వదలడమన్న ఆలోచనను ఆ తర్వాత డిజైన్ టీమే పక్కన పెట్టింది. నా దృష్టిలో ఈ మొత్తం సంప్రదింపుల్లో నిపుణులు, నిపుణులు కానివాళ్ల మధ్య జరిగిన అసలైన సాంకేతిక చర్చ ఇదొక్కటే. అందులో గెలిచింది ఆవిడ.

కరెంటు పోతే ముందు ఏం ఆగుతుంది?

అన్నిటికంటే పెద్ద విషయం కాలనీలో బయటపడింది. పంపింగ్ స్టేషన్లో ఆపరేటర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన లేఅవుట్ షీటును చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టే అడిగాడు.

'సార్, కరెంటు పోతే ముందు ఏం ఆగుద్ది?'

'గాలి కొట్టే బ్లోయర్లు.'

'నీళ్లు రావడం ఆగుద్దా?'

'ఆగదు.'

'అదే గదా. కరెంటు పోయిందని ఊళ్లో ఎవరూ బాత్రూమ్‌కి పోవడం మానరు. ఆ వచ్చిన నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి?'

షీటులో ముడి మురుగు వచ్చే తొట్టి నుంచి కాలవ దాకా చుక్కలతో ఒక సన్నటి గీత ఉంది. పక్కన చిన్న అక్షరాలతో 'అత్యవసర బైపాస్' అని రాసి ఉంది. రిపోర్టులో దాని గురించి ఒక్క వాక్యం. జనరేటర్ ఉంది, కానీ దాని సామర్థ్యం పంపులకూ లైట్లకూ సరిపోయేంతే. బ్లోయర్లను నడిపేంత కాదు. అంటే కరెంటు లేనప్పుడు నీటిని తోయగలం, శుద్ధి చేయలేం.

ఇది ఎంత తేడా చేస్తుందో ఒక ఉదాహరణ లెక్క వేసి చూపిస్తాను. రోజుకు కోటి లీటర్లు, అంటే 10 ఎమ్మెల్డీ మురుగు అనుకుందాం. శుద్ధి తర్వాత బీఓడీ 10 ఉంటే రోజుకు 100 కిలోల సేంద్రియ భారం నీటిలోకి పోతుంది. ముడి మురుగులో బీఓడీ 250 అనుకుంటే అది 2,500 కిలోలు. బైపాస్ గేటు ఒక్క రోజు తెరిస్తే పాతిక రోజుల శుద్ధి నీటితో సమానం. క్రిముల లెక్క ఇంకా ఘోరం. ముడి మురుగులో వంద మిల్లీలీటర్లకు కోలిఫాం పది లక్షలు ఉండటం మామూలే, కోటి దాకా కూడా పోతుంది. తక్కువలో తక్కువ పది లక్షలే తీసుకున్నా, 230తో భాగించండి. ఒక్క గంట బైపాస్ ఆరు నెలల శుద్ధి నీటితో సమానం.

ఏడాది సగటు వేస్తే ఇది మాయమైపోతుంది. నెలకోసారి తీసే శాంపిల్‌లో అసలు కనిపించదు, గేటు తెరిచిన రోజు శాంపిల్ తీయడానికి ఎవరూ రారు కాబట్టి. కానీ కుప్పంవాళ్లకు ఆ ఒక్క రోజే గుర్తుంటుంది. మాతో వాదించినవాళ్లంతా అసలు అడుగుతున్నది దీని గురించే. వాళ్లు 'ప్లాంటు వద్దు' అన్న ప్రతిసారీ మేం ప్లాంటు ఎంత బాగా పనిచేస్తుందో చెప్పాం. పనిచేయని రోజు సంగతి వాళ్లడిగారు. అందుకే మీటింగులు ముందుకు సాగలేదు.

ఆగిన తర్వాత కథ ఇంకా ఉంది. మురుగును తినే బ్యాక్టీరియా గంటల తరబడి గాలి లేకపోతే దెబ్బతింటుంది. కరెంటు వచ్చిన వెంటనే ప్లాంటు మామూలైపోదు, కుదుటపడటానికి రోజులు పడుతుంది. వరదొచ్చి ట్యాంకుల్లోని బురదను కొట్టుకుపోతే వారాలు పట్టొచ్చు. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల్లోనే కురుస్తుంది. కరెంటు పోయేదీ, వాన నీరు మురుగు పైపుల్లో జొరబడేదీ, సముద్రం పొంగి కాలవ వెనక్కి తన్నేదీ అన్నీ ఒకేసారి, ఆ రోజుల్లోనే. 2015 డిసెంబరు వరద అందరికీ గుర్తే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదలో చమురు కలిసి ఎన్నూరు కాలవ ఒడ్డు ఇళ్లకూ పడవలకూ పట్టింది. ఆ నలుపును తమ వలల మీంచి తోముకున్నవాళ్ల దగ్గరకు వెళ్లి 'అత్యవసరం అరుదు' అని చెప్పడం వీలుకాదు.

ఇంకో కొసరు ఉంది. చెన్నై తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంటుంది, జాలర్లు తెండి అంటారు. ఈశాన్య రుతుపవనాల్లో తిరగబడి ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది, దాన్ని వన్ని అంటారు. కాలవ ఆలోచన మానుకున్నాక, సముద్రంలోకి నీటిని వదిలే పైపు కుప్పానికి ఉత్తరాన పెట్టాం, మురుగు జాడ ఉంటే ఇంకా ఉత్తరానికి పోతుందని. ఏడాది సగటుకు అది సరే. కానీ బైపాస్ జరిగే నెలల్లో వచ్చేది వన్ని. ఆ నెలల్లో మురుగు జాడ నేరుగా కుప్పం ముందుకే వస్తుంది. ఈ మాట మోడలింగ్ చేసిన కుర్రవాడి కంటే ముందు పడవ నడిపే కుర్రవాడు చెప్పాడు.

అపార్ట్‌మెంట్ల అభ్యంతరం

దీని గురించి ఎక్కువ రాయను. వాళ్ల దిగులు ఫ్లాటు ధర గురించి. అది కూడా దిగులే, కాదనను. కానీ ఆ కాంప్లెక్సుల్లో కొన్నింటికి మురుగు కనెక్షనే లేదు. ట్యాంకర్ లారీలు వచ్చి తోడుకుపోతాయి, డబ్బు కడతారు, లారీ ఎక్కడికి పోతుందో అడగరు. రాత్రిళ్లు అది ఎక్కడ ఖాళీ అవుతుందో కాలవ ఒడ్డువాళ్లను అడిగితే చెబుతారు. ప్లాంటు వద్దని సంతకాలు పెట్టిన కాగితంలో ఈ లారీల మాట లేదు.

ఏం మారింది

స్థలం మారలేదు. స్థలం లోపల అన్నీ మారాయి. ముడి మురుగు బావినీ బురద పిండే షెడ్డునీ ఇళ్లకు దూరంగా జరిపి, రెండింటికీ పైకప్పు వేసి, లోపలి గాలిని లాగి వడకట్టే ఏర్పాటు చేర్చారు. జనరేటర్ సామర్థ్యం బ్లోయర్లను కూడా నడిపేలా పెంచారు. రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి కరెంటు లైన్లు. క్లోరిన్ తర్వాత మిగిలినదాన్ని విరిచే రసాయనపు దశ ఒకటి. కొన్ని గంటల ప్రవాహాన్ని పట్టి ఉంచే పెద్ద ట్యాంకు ఒకటి.

ఆ ట్యాంకు దగ్గరే పేచీ పడింది. బైపాస్ తగ్గాలంటే ట్యాంకు కావాలి, ట్యాంకుకు భూమి కావాలి, ఆ భూమిలో వలలు ఆరేస్తారు. కుప్పంలోనే రెండు పక్షాలయ్యాయి. చేపల వేటకు వెళ్లేవాళ్లు ట్యాంకు కావాలన్నారు. వలలు బాగుచేసి, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు ఆ స్థలం వదలమన్నారు. చివరికి తక్కువ జాగాలో ఇమిడే శుద్ధి పద్ధతికి మారి, ట్యాంకును కాలవ వైపుకు నెట్టి, సముద్రం వైపు స్థలాన్ని షీటులో పేరు రాసి వదిలారు. ఖర్చు పెరిగింది. ఆడవాళ్లు పూర్తిగా సంతోషపడలేదు.

నీటిని ఎటు పంపాలన్నది ఇంకో మలుపు. మణలి పరిశ్రమలు 1990ల నుంచే కొడుంగైయూర్ శుద్ధి నీటిని వాడుతున్నాయి. 2019లో కొడుంగైయూర్, కోయంబేడుల్లో చెరో 45 ఎమ్మెల్డీ ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాయి, ఆ నీరు ఫ్యాక్టరీలకు పోతోంది. అదే ఏడాది ఎండకాలం చెరువులన్నీ ఎండి ఊరు ట్యాంకర్ల వెంట పరిగెత్తింది. అంత కరువు చూసిన ఊళ్లో శుద్ధి చేసిన నీటిని సముద్రంలో పారబోయడమేంటని అడిగింది కుప్పంవాళ్లే. ఎక్కువ భాగం ఫ్యాక్టరీలకు, మిగిలింది మాత్రమే సముద్రంలోకి అన్నది ఇప్పటి డిజైన్. అయితే పైపుల్లోకి ఊరే ఉప్పునీటిని ఆపకపోతే ఫ్యాక్టరీలు ఈ నీటిని తీసుకోవు, ఆర్‌ఓ ఖర్చు తడిసి మోపెడవుతుంది. అంటే ముందు పాత పైపులు మార్చాలి. ఆ పని బడ్జెట్ ఈ ప్రాజెక్టులో లేదు.

సముద్రపు పైపు మీద కుప్పానికి ఇంకా అనుమానమే. నెమ్మేలిలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు వచ్చాక తీరం కోసుకుపోయిందని అక్కడి జాలర్లు ఏళ్లుగా చెబుతున్నారు. ఆ మాట ఇక్కడిదాకా వచ్చింది. రెండిటికీ తేడా ఉంది. అక్కడ వదిలేది చిక్కటి ఉప్పునీరు, బరువెక్కువ, అడుక్కు దిగుతుంది. మాది చప్పనీరు, తేలిక, పైకి తేలుతుంది. పైపు చివర చిన్న చిన్న రంధ్రాలతో చెదరగొడితే త్వరగా కలిసిపోతుంది. కానీ వల తగిలేది పైపుకు. పైపులో ఏ నీరుందన్నది వలకు అనవసరం. అందుకని పైపును ఇసుకలో పూడ్చే లోతు, దాని మీద తేలే గుర్తులు ఎక్కడుండాలన్నది పడవలవాళ్లతో కలిసి సముద్రం మీదే నిర్ణయించారు.

తేలనివి

బైపాస్ గేటుకు సెన్సర్ పెట్టి, తెరిచినప్పుడల్లా సమయం, ఎన్ని గంటలు, ఎంత నీరు అన్నది కుప్పం వాట్సాప్ గ్రూపుకు పోవాలని మేం రాశాం. వేటకు వెళ్లాలా వద్దా, ఆ రోజు పట్టిన చేపను అమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి వాళ్లకు అది కావాలి. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర ఓడలు గుద్దుకుని చమురు ఒలికినప్పుడు కాశిమేడు చేపల రేవులో మంచి చేప కూడా అమ్ముడుపోలేదు. ఏది ఎక్కడి చేపో, ఏ రోజుదో చెప్పే రికార్డు లేకపోతే పుకారే ధర నిర్ణయిస్తుంది. దీనికి ఒక అధికారి నాతో విడిగా అన్నది ఇది: 'ఇదొప్పుకుంటే రేపు ట్రిబ్యునల్లో మా మెసేజే మా మీద సాక్ష్యం.' ఆయన భయం అబద్ధం కాదు. అందుకే ఈ షరతు సమ్మతి పత్రంలోనే ఉండాలని నేనంటాను. అధికారి మంచితనం మీద వదిలితే బదిలీతో పాటే పోతుంది. ప్రస్తుతానికి సెన్సర్‌కు ఒప్పుకున్నారు, మెసేజ్‌కు ఒప్పుకోలేదు. సమాచారం ఆఫీసులో ఉంటుందట, అడిగితే ఇస్తారట.

మొగ పూడిక తీసేది ఎవరన్నది కూడా తేలలేదు. కాలవ ఒక శాఖది, రేవు పక్క ఇసుక ఇంకొకరిది, ప్లాంటు మూడోవాళ్లది. కాలవలోకి నీరు వదలడం మానుకున్నాం కాబట్టి ఇది ఇక మా సమస్య కాదని ఒక వాదన వచ్చింది. బైపాస్ గీత ఇంకా కాలవలోకే ఉందని గుర్తుచేశాం.

కాలనీ అడిగింది వేరు. ప్లాంటు వస్తే ఉద్యోగాలొస్తాయా, వస్తే అవి పర్మినెంటా, కాంట్రాక్టరు కిందా? బావి పూడుకుపోయిన రోజు మళ్లీ తమ పిల్లల్నే లోపలికి దింపుతారా? 2013 చట్టం రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషుల్ని అలా దింపడాన్ని నిషేధించింది. మురుగులో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటేనే దింపడం ఆగలేదని అర్థం. బావిలో మనిషి దిగకుండా జల్లెడలూ పంపులూ పైకి లాగి బాగుచేసేలా డిజైన్ మార్చారు, క్రేన్ పట్టాలు గీతల్లోకి వచ్చాయి. ఉద్యోగాల సంగతి టెండర్‌లో చూస్తామన్నారు. ఆపరేటర్ ఉద్యోగాలకు ఐటీఐ అడుగుతారని తెలిసి, రిటైరైన ఆ పెద్దాయన కాలనీ పిల్లలు నలుగురైదుగురిని వెంటబెట్టుకుని ఎలక్ట్రీషియన్, పంప్ మెకానిక్ ట్రేడుల ఫారాలు నింపించే పనిలో ఉన్నాడు. ప్లాంటు ఎప్పటికి పూర్తవుతుందని నన్నడిగాడు, కోర్సు ఈ ఏడాది చేర్పించాలా, వచ్చే ఏడాదా అని తేల్చుకోవడానికి. ఈ ఏడాదే చేర్పించమన్నాను. ప్లాంటు ఆలస్యమైనా, పంపింగ్ స్టేషన్లకు మనుషులు ఇప్పుడే కావాలి.